మళ్లీ మంకీ ఐలాండ్‌కి: కలిసి ఆడదామనుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

‘ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్’ అనే కంప్యూటర్ అడ్వెంచర్ ఆటను లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ కంపెనీ 1990లో విడుదల చేసింది. ఆ ఆటంటే ప్రాణం పెట్టే కొందరం ఏడాదికోసారి మొదటి తెర నుంచి చివరి తెర దాకా కలిసి ఆడతాం. కొత్తవాళ్లు చేరిన ప్రతిసారీ ఇవే ప్రశ్నలు వస్తాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. ఇంతవరకూ ఆడనివాళ్లు కూడా నిశ్చింతగా చదవొచ్చు. ఇక్కడ ఏ పజిల్‌కీ విడుపు చెప్పలేదు.

ఇది ఒక్కరు ఆడుకునే ఆట కదా, కలిసి ఎలా ఆడతారు?

మౌస్ ఒకటే, గైబ్రష్ ఒక్కడే, నిజమే. కానీ ఈ ఆటలో చేతివేగంతో పని తక్కువ, పనంతా ఆలోచనతోనే. గైబ్రష్ త్రీప్‌వుడ్ అనే కుర్రాడు సముద్రపు దొంగ కావాలన్న కోరికతో మేలే ఐలాండ్‌లో దిగుతాడు. ఇక కనిపించినవాళ్లందరినీ పలకరించాలి, దొరికినవన్నీ ఏరుకోవాలి, ఏ వస్తువు ఎక్కడ పనికొస్తుందో ఊహించాలి. ఆ ఊహించే పని పదిమంది కలిసి చెయ్యొచ్చు. ఒకరు తమ స్క్రీన్ షేర్ చేస్తారు, మిగతావాళ్లం కాల్‌లో ఉండి చూస్తూ మాట్లాడుకుంటాం. ఒకే గదిలో కూర్చోగలిగితే అంతకన్నా మంచిది. ఎవరో ఊపిరి బిగబట్టి, “ఆగు, ఆ తలుపు మీద ఏదో రాసుంది” అనడం పక్కనే కూర్చుని వినాలి.

నేను ఎన్నోసార్లు ఆడేశాను. పజిల్స్ అన్నీ కంఠతా వచ్చు. నాకు ఇంకేం మిగిలింది?

చాలా మిగిలింది. నేనూ మొదట మీలాగే అనుకున్నాను.

తెలిసినవాళ్లు ఆడేటప్పుడు ఏం జరుగుతుందో చూడండి. నేరుగా వెళ్లి సరైన వస్తువు తీసుకుంటాం, సరైన మనిషికి ఇస్తాం, సరైన మాట ఎంచుకుంటాం. తప్పు దారి తొక్కనే తొక్కం. ఈ ఆట రాసిన రాన్ గిల్బర్ట్, టిమ్ షేఫర్, డేవ్ గ్రాస్‌మన్ ముగ్గురూ తమ హాస్యంలో పెద్ద వాటా ఆ తప్పు దారుల్లోనే దాచారు. పనికిరాని చోట పనికిరాని వస్తువు వాడితే గైబ్రష్ అనే మాటలు, సంభాషణలో అనకూడనిది అంటే ఎదుటివాళ్లు ఇచ్చే జవాబులు, అవసరమే లేకపోయినా వెళ్లి పలకరిస్తే దొరికే మనుషులు. దారి తెలిసినవాడికి ఇవేవీ కనిపించవు.

ఒకసారి మాతో మొదటిసారి ఆడుతున్న ఆమె స్కమ్ బార్‌లోకి అడుగుపెట్టగానే మనుషులందరినీ వదిలేసి బల్ల కింద పడుకున్న కుక్కతో మాట్లాడింది. నేను ఆ బార్‌లోకి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. కుక్కతో మాట్లాడొచ్చన్న ఆలోచనే నాకు ఎప్పుడూ రాలేదు. అది మాట్లాడింది! ఇన్నేళ్లూ నా ముందే ఉన్న ఒక సన్నివేశాన్ని ఆ రోజు మొదటిసారి చూశాను. ఆటంతా నాకు తెలుసన్న నమ్మకం అక్కడితో పోయింది, అందుకు ఇప్పటికీ ఆమెకు కృతజ్ఞుణ్ని.

కాబట్టి పాతవాళ్లకు మా సలహా ఒక్కటే. సరైన జవాబులు మీకు వచ్చు, ఈసారి తప్పు జవాబులు వెతకండి. మీ అంతట మీకు అవి తట్టవు, కొత్తవాళ్ల పక్కన కూర్చుంటేనే దొరుకుతాయి.

నేను ఈ ఆట పేరు వినడమే తప్ప ఆడలేదు. రావచ్చా?

తప్పకుండా రండి. పైన చెప్పినదంతా చదివారుగా, మీరు లేకపోతే మా ఆట సగమే. ముందుగా ఏమీ చదవకండి, వీడియోలు చూడకండి. ఖాళీ బుర్రతో రావడమే మీరు చేసే మేలు.

స్పాయిలర్ల విషయంలో మీరు చాలా కఠినంగా ఉంటారట. ఎంతవరకు?

అవును, కఠినంగానే ఉంటాం. పొడుపు కథ వేసినవాడే విడుపు కూడా చెప్పేస్తే వినేవాడికి ఏం మిగులుతుంది? ఈ ఒక్క విషయంలో పట్టూవిడుపూ లేదు.

జవాబు నోటితో చెప్పకపోవడం ఒక్కటే సరిపోదు. మనకు తెలియకుండానే చాలా చెప్పేస్తుంటాం. ఎవరో సరైన వస్తువు మీదికి కర్సర్ తీసుకెళ్లగానే కాల్‌లో అందరూ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతారు. అదీ జవాబే. తప్పు చోటికి వెళ్తుంటే “ఊఁ... వెళ్లండి, చూద్దాం” అని సాగదీస్తారు. అదీ జవాబే. “ఇది నాకు చాలా ఇష్టమైన చోటు” అన్నా చాలు, అక్కడ ఏదో ఉందని తెలిసిపోతుంది. అందుకని పాతవాళ్లు ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి: బొమ్మల గురించి, సంగీతం గురించి, పాత్రల గురించి. మాటలు ఒక్కసారిగా ఆగితే కొత్తవాళ్ల చెవి దాన్నే పట్టుకుంటుంది.

ఇదేదో ఛాదస్తం అనుకోకండి. ఒక జవాబు బయటపడితే ఆ మనిషి వెయ్యబోయే పది తప్పు అడుగులూ పోతాయి. అవి ఆ ఒక్కరికే కాదు, చూస్తున్న మనందరికీ పోతాయి.

మరి నిజంగా ఇరుక్కుపోతే?

గంటలకొద్దీ ఒకే చోట తిరగమని ఎవరూ అనరు. ఆడేవాళ్లు తమ నోటితో అడిగేదాకా ఆగుతాం. అడిగాక కూడా ఒక్కసారిగా చెప్పెయ్యం. ముందు, ఇప్పటిదాకా వెళ్లిన చోట్లన్నీ వాళ్లనే చెప్పమంటాం. సగంసార్లు ఆ జాబితా చెబుతుండగానే “అయ్యో, అక్కడికి మళ్లీ వెళ్లనే లేదు” అని వాళ్లకే తడుతుంది. అప్పటికీ తట్టకపోతే ఇన్వెంటరీలో, అంటే గైబ్రష్ ఏరుకున్న వస్తువుల సంచిలో, ఉన్న ఒక్కో వస్తువు పేరూ పైకి చదివించి, అది దేనికి పనికిరావచ్చో అడుగుతాం. ఆ తర్వాతే ఏ పాత్ర దగ్గరికి మళ్లీ వెళ్లాలో చిన్న సూచన. దాన్ని ఎవరివ్వాలో ముందే అనుకుంటాం. అందరూ తలో హింట్ ఇస్తే అది అడుగడుగునా దారి చెప్పే వాక్‌త్రూ అయిపోతుంది.

2009 నాటి స్పెషల్ ఎడిషన్‌లో ఆటలోనే హింట్ సదుపాయం ఉంది. కలిసి ఆడేటప్పుడు దాన్ని ముట్టుకోవద్దని మనవి. పక్కన ఇంతమంది మనుషులున్నాం కదా.

ఏ వెర్షన్ కొనాలి?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, కొంచెం వివరంగా చెబుతాను.

మొదట ఫ్లాపీ డిస్కుల మీద 16 రంగుల ఈజీఏ వెర్షన్ వచ్చింది. ఆ తర్వాత 256 రంగుల వీజీఏ వెర్షన్, 1992లో సీడీ వెర్షన్. తొలి వెర్షన్‌లో తెర కింది భాగంలో తెరువు, ముయ్యి, నెట్టు, లాగు, తీసుకో, మాట్లాడు లాంటి 12 క్రియలు ఉండేవి. సీడీ నాటికి అవి 9కి తగ్గాయి, ఇన్వెంటరీలో వస్తువుల పేర్ల బదులు బొమ్మలు వచ్చాయి, సంగీతం నేరుగా సీడీ నుంచి వినిపించేది. 2009లో స్పెషల్ ఎడిషన్ వచ్చింది. బొమ్మలన్నీ కొత్తగా గీశారు, పాత్రలకు గొంతులు పెట్టారు. గైబ్రష్‌కి గొంతు ఇచ్చింది డామినిక్ అర్మాటో. ఈ ఆటల వరసలో 1997లో వచ్చిన మూడోదాని నుంచీ ఆ పాత్రకు ఆయనే గొంతు.

ఇప్పుడు స్టీమ్, గాగ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణాల్లో దొరికేది స్పెషల్ ఎడిషనే. అది కొనుక్కుంటే చాలు. కంప్యూటర్‌లో ఎఫ్10 నొక్కగానే అదే క్షణంలో, అదే చోట, పాత 256 రంగుల తెర కనిపిస్తుంది. మళ్లీ నొక్కితే కొత్తది. మేం ప్రతి కొత్త చోటుకూ వెళ్లగానే ఒకసారి నొక్కి రెండూ పోల్చి చూస్తాం. నా మాట అడిగితే, రాత్రి వెలుగులో మేలే ఊరు పాత బొమ్మల్లోనే అందంగా ఉంటుంది. తక్కువ చుక్కలతో గీసిన ఆ కిటికీల వెలుతురు లోపల ఎవరో ఉన్నట్టు అనిపిస్తుంది. కొత్త బొమ్మలు అన్నీ విప్పి చూపించేస్తాయి.

రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఈ ఆటలో పాత తెరకు మారితే గొంతులు వినిపించవు. ఇంకొకటి, మొదటి భాగంలో కాలంతో పోటీపడి చెయ్యాల్సిన పని ఒకటి వస్తుంది. కొత్త తెరలో క్రియలూ ఇన్వెంటరీ కళ్లెదుట ఉండవు, పిలిస్తేనే వస్తాయి కాబట్టి ఆ పని చిరాకు పెడుతుంది. అక్కడికి రాగానే ఎఫ్10 నొక్కి పాత తెరలో చేసుకోండి. ఇది హింట్ కాదు, కీబోర్డు సంగతి మాత్రమే.

నా దగ్గర పాత డిస్కులే ఉన్నాయి. ఇప్పటి కంప్యూటర్‌లో నడుస్తాయా?

స్కమ్‌వీఎం ఉంటే నడుస్తాయి. ఈ ఆట స్కమ్ అనే ఇంజిన్ మీద తయారైంది. 1987లో వచ్చిన ‘మేనియాక్ మాన్షన్’ కోసం దాన్ని రాశారు, ఇంగ్లీషులో SCUMM అని రాసే ఆ పేరులోని చివరి రెండు అక్షరాలు ఆ ఆట పేరువే. స్కమ్ బార్ పేరు కూడా ఆ ఇంజిన్ నుంచి వచ్చిందే. ఆ ఇంజిన్ చేసే పనంతా ఇప్పటి కంప్యూటర్లలో చెయ్యడానికి 2001లో ఔత్సాహికులు మొదలుపెట్టిన ఉచిత ప్రోగ్రామే స్కమ్‌వీఎం. అందులో ఆట ఉండదు, ఆట ఫైళ్లు మీ దగ్గర ఉండాలి. ఫైళ్లను ఒక ఫోల్డర్‌లో పెట్టి ఆ ఫోల్డర్ చూపిస్తే చాలు. ఇష్టమైన ఆట చచ్చిపోకూడదని ఇన్నేళ్లుగా జీతం లేకుండా పనిచేస్తున్నవాళ్లు వాళ్లు. వాళ్లు లేకపోతే మనలో చాలామందికి ఈ ఆట జ్ఞాపకంగానే మిగిలేది.

మౌస్ ఎవరి చేతిలో ఉంటుంది?

ఎప్పుడూ మొదటిసారి ఆడుతున్నవాళ్ల చేతిలోనే. ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్లుంటే చోటు మారినప్పుడల్లా మౌస్ మారుతుంది. “ఎడమవైపు క్లిక్ చెయ్యండి, కాదు ఇంకా ఎడమ” అని వెనక నుంచి నడిపించవద్దు. అందరూ పాతవాళ్లే అయిన ఏడాది మేం వేరే పద్ధతి పెట్టుకుంటాం: సంభాషణ వచ్చినప్పుడల్లా, ఇదివరకు ఎవరూ ఎంచుకోని వాక్యమే ఎంచుకోవాలి. బార్‌లో చొక్కాకి బ్యాడ్జీ పెట్టుకుని కూర్చున్న ఒక దొంగతో మాట్లాడటం అలాగే మొదలైంది. అదే 1990లో అదే కంపెనీ విడుదల చేసిన ‘లూమ్’ అనే ఆట గురించి అడగమని ఆ బ్యాడ్జీ మీద రాసి ఉంటుంది. అడగండి.

మొత్తం ఎన్ని వారాలు పడుతుంది?

వారానికో సాయంత్రం చొప్పున ఆరు వారాలు. ఆట నాలుగు భాగాలు: మూడు పరీక్షలు, ప్రయాణం, మంకీ ఐలాండ్ అడుగున, గైబ్రష్ తడాఖా. పేరుకు నాలుగైనా అవి సమానం కావు. మొదటి భాగం చాలా పెద్దది, కత్తియుద్ధం, దొంగతనం, నిధివేట అనే మూడు పరీక్షలకు మూడు సాయంత్రాలు కేటాయిస్తాం. ఏ పరీక్ష ముందు, ఏది తర్వాత అన్నది ఆడేవాళ్ల ఇష్టం. ప్రయాణానికి ఒకటి. మూడో భాగానికి ఒక సాయంత్రం పూర్తిగా, ఇంకోదానిలో కొంత. చివరి భాగం చాలా చిన్నది, అదే రోజు అయిపోతుంది.

తొందరపడవద్దు. మేలే ఐలాండ్‌లో ఎప్పుడూ రాత్రే, ఊళ్లో గడియారం ఎప్పుడు చూసినా పదే. అక్కడ తెల్లవారదు కాబట్టి మనకూ హడావుడి లేదు.

మధ్యలో చచ్చిపోతే మళ్లీ మొదటికి రావాలా?

రానక్కర్లేదు. ఈ ఆట గొప్పతనంలో పెద్ద భాగం అదే. అప్పటి చాలా అడ్వెంచర్ ఆటల్లో అడుగు తప్పితే చావు. ఇంకా దారుణం, మొదట్లో ఒక వస్తువు తీసుకోవడం మర్చిపోతే చివర్లో ఎటూ కదలలేని స్థితి. సియెరా కంపెనీ ఆటలకు ఈ రెండు విషయాల్లోనూ పేరుండేది. రాన్ గిల్బర్ట్‌కి ఇది నచ్చలేదు. అడ్వెంచర్ ఆటలు ఎందుకు విసిగిస్తాయో 1989లో ఒక వ్యాసమే రాశాడు. ఆ వ్యాసంలో వద్దన్నవాటిని ఈ ఆటలో చెయ్యకుండా చూసుకున్నాడు. అందుకే భయం లేకుండా ఏదైనా చేసి చూడొచ్చు. తప్పు జవాబులు వెతకండని నేను ఇంత ధైర్యంగా చెప్పగలిగేది కూడా అందుకే.

పది నిమిషాలు ఊపిరి బిగబట్టగలనని గైబ్రష్ గొప్పలు చెప్పుకుంటాడు. అతని మాట ఎంత నిజమో పరీక్షించాల్సిన చోటు ఒక్కటి వస్తుంది. అక్కడ మాత్రం గడియారం చూసుకోండి. ఇంకో చోట ఒక కొండ అంచు ఉంది. దాని గురించి నేను ఏమీ చెప్పను, నడవండి.

సేవ్ మాత్రం చెయ్యండి. చావు కోసం కాదు, ఎవరైనా ఒక వారం రాలేకపోతే వాళ్లు అక్కడి నుంచి అందుకోవడానికి.

కత్తియుద్ధం అంటే చేతివేగం కావాలిగా?

అక్కర్లేదు. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైనది, పదిమందితో ఆడితే పదింతలు పండేది ఇదే.

ఇక్కడ కత్తి తిప్పడం కాదు, నాలుక తిప్పడం ముఖ్యం. ఒకడు ఒక తిట్టు తిడతాడు. దానికి దీటైన ఎదురు జవాబు ఇస్తే పైచేయి మీది, తెల్లమొహం వేస్తే వాడిది. తిట్లూ జవాబులూ పుట్టుకతో రావు, దారిలో కనిపించిన దొంగలతో పోట్లాడి ఓడిపోతూ నేర్చుకోవాలి. ఓడిన ప్రతిసారీ ఒక కొత్త మాట మీ సంచిలో పడుతుంది. ఓడిపోవడమే చదువైన యుద్ధం ఇది. మరి చివరికి కత్తియుద్ధ గురువు ముందు నిలబడితే ఆమె మీరెన్నడూ వినని తిట్లు తిడుతుంది. అప్పుడేం చెయ్యాలన్నది మీరే తేల్చుకోవాలి.

మా పద్ధతి ఇది: తెర మీద వచ్చిన తిట్టును ఒకరు దొంగ గొంతుతో పైకి చదువుతారు. మౌస్ పట్టుకున్నవాళ్లు జవాబు ఎంచుకునేముందు కాల్‌లో ఉన్నవాళ్లంతా సొంతంగా తెలుగులో ఒక జవాబు విసరాలి. ఆటలోని జవాబు కన్నా మనవాళ్లది బాగుందని ఎన్నిసార్లు అనిపించిందో! ఎదుటివాడి మాటను వాడికే తిప్పికొట్టడం తెలుగు నోటికి కొత్తేం కాదు కదా. అలా పుట్టిన మంచి జవాబుల్ని ఒక పుస్తకంలో రాసి పెడుతున్నాను.

ఇంగ్లీషు అంత బాగా రాదు. తెలుగులో ఉందా?

అధికారికంగా లేదు. కానీ భయపడకండి, కలిసి ఆడటంలో ఇదో పెద్ద లాభం. తెర మీద మాటల్ని ఎవరో ఒకరు అప్పటికప్పుడు తెలుగులో చెబుతుంటారు. పాత వెర్షన్‌లో మాటలు త్వరగా మాయమైపోతుంటే మైనస్, ప్లస్ మీటలతో వేగం మార్చుకోవచ్చు. స్పేస్ బార్ నొక్కితే ఆట ఆగుతుంది.

ఒక్క చిక్కుంది. కొన్ని పజిల్స్ ఇంగ్లీషు నుడికారాల మీద నిలబడ్డాయి. మొదటి భాగంలో ఒక చేప ఉంది, దాని పేరు రెడ్ హెర్రింగ్. అసలు విషయం నుంచి దృష్టి మళ్లించేదాన్ని ఇంగ్లీషులో ఆ పేరుతో పిలుస్తారు. ఈ సంగతి తెలియనివాళ్లకు అది ఉత్త ఎర్ర చేప. కాబట్టి మా నియమం: నుడికారానికి అర్థం చెప్పడం విడుపు చెప్పడం కాదు, అనువాదం. దాన్ని ఎక్కడ వాడాలో మాత్రం చెప్పం. రెండో ఆటలో ఇలాంటి శ్లేష ఒకటి మరీ పేరుమోసింది. ఆ పనిముట్టుకు అమెరికాలో ఒక పేరు, బ్రిటన్‌లో ఇంకో పేరు. దాంతో ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లు కూడా బిక్కమొహం వేశారు. మీరు సిగ్గుపడాల్సిన పనేమీ లేదు.

మొదటి రోజు అట్టతో ఏదో చక్రం చెయ్యమంటున్నారు. ఎందుకు?

దొంగ కాపీలు ఆపడానికి అసలు ఆటతోపాటు ఒక కాగితపు చక్రం ఇచ్చేవారు. ఒకదాని మీద ఒకటి తిరిగే రెండు బిళ్లలు. ఒకదాని మీద దొంగల మొహాల పైసగం, ఇంకోదాని మీద కిందిసగం. ఆట మొదలవగానే తెర మీద ఒక మొహం కనిపిస్తుంది. చక్రం తిప్పి ఆ మొహాన్ని కూర్చి, అక్కడ కనిపించే సంవత్సరం టైపు చేస్తేనే లోపలికి రానిచ్చేది. స్పెషల్ ఎడిషన్‌లో ఇది లేదు. అయినా మొదటి రోజు మన మొహాలతోనే ఒక చక్రం చేసుకుంటాం. ఒకరి నుదురు ఇంకొకరి గడ్డంతో కలిసి తిరుగుతుంటే, అప్పుడే పరిచయమైనవాళ్లు కూడా చుట్టాలైపోతారు.

అడవిలో చెట్టు మొద్దు కథ ఏమిటి?

పాత ఫ్లాపీ వెర్షన్‌లో ఒక మొద్దులోకి తొంగిచూస్తే, కింద సొరంగాలున్నాయనీ 22వ డిస్క్ పెట్టమనీ ఆట అడిగేది. అది హాస్యం. అన్ని డిస్కులు ఆ ఆటకు లేనే లేవు. కానీ కొందరు నిజమని నమ్మి, తమ డిస్క్ పోయిందని కంపెనీ హింట్ లైన్‌కి ఫోన్లు చేశారు. దాంతో సీడీ వెర్షన్ నుంచి దాన్ని తీసేశారు. ఫ్లాపీ వెర్షన్ ఉన్నవాళ్లు ఆ రోజు స్క్రీన్ షేర్ చెయ్యండి, అందరం చూద్దాం.

పిల్లల్ని కూర్చోబెట్టుకోవచ్చా?

చదవగలిగే వయసైతే హాయిగా. దయ్యాలున్నాయి, దొంగలు గ్రాగ్ అనే మద్యం తాగుతుంటారు, రక్తపాతం లేదు. పెద్దలకు తట్టని తప్పు దారులు పిల్లలకు ఇట్టే తడతాయి కాబట్టి మౌస్ వాళ్లకే ఇవ్వండి.

ఇది అయ్యాక రెండో ఆట వెంటనే మొదలుపెడతారా?

ఒక నెల ఆగుతాం. 1991లో వచ్చిన రెండోది ఇంతకన్నా పెద్దది, కష్టమైనది. సంగీతం వినడం కోసమైనా ఆడాలి: మైకేల్ లాండ్, పీటర్ మెక్‌కానెల్ తయారుచేసిన ఐమ్యూజ్ పద్ధతి వల్ల మీరు ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడిస్తే పాట తెగకుండా రంగు మారుతుంది. ఆ తర్వాత 1997, 2000, 2009ల్లో వచ్చినవి ఎవరి ఇష్టం వారివి. 2022లో గిల్బర్ట్, గ్రాస్‌మన్ మళ్లీ కలిసి చేసిన ‘రిటర్న్ టు మంకీ ఐలాండ్’ మాత్రం మొదటి రెండూ పూర్తిచెయ్యకుండా ముట్టుకోవద్దు. రెండో ఆట ఆగిన చోటే అది మొదలవుతుంది.

చివరి రోజు ఏమైనా ప్రత్యేకంగా చేస్తారా?

కథ అయిపోగానే కాల్ కట్ చెయ్యకండి. పేర్లన్నీ వచ్చేదాకా ఎవరూ కదలం. ఒక్కో పేరూ వచ్చినప్పుడు ఆ మనిషి చేసిన పనిలో తనకు నచ్చినదేదో ఎవరో ఒకరు చెబుతారు: బొమ్మలు గీసిన స్టీవ్ పర్సెల్ పేరు రాగానే గైబ్రష్ పేరు పుట్టిన కథ చెప్పడం నా వంతు. హీరోకి ఇంకా పేరు పెట్టని రోజుల్లో బొమ్మలు గీసే ప్రోగ్రామ్‌లో ఆ ఫైలును కుర్రాడు అని ‘గై’ అన్నారు. ఆ ప్రోగ్రామ్ వాడే ‘బ్రష్’ అన్న మాట దాని పక్కన చేరింది. అదే పేరైపోయింది. పేర్లన్నీ అయ్యాక, కంప్యూటర్ ఆపేసి వెళ్లి పడుకోమని ఆటే చెబుతుంది. ఆ మాట ఆ రోజు మౌస్ పట్టుకున్నవాళ్లు పైకి చదవాలి. చదివాక అందరం ఒకేసారి కట్ చేస్తాం.